అరచెయ్యంత జాగ

బిల్డింగ్ ఎనుక చెత్తడబ్బ కాడ దొరికింది.
మూడు కాళ్లు మంచియే, నాలుగోది వేలెడు తక్కువ.
రాత్రి డ్యూటీ, అడిగెటోడు లేడు.
తెల్లారంగ నెత్తిన వెట్టుకొని నడిసిన.
షార్జాల ఆ యాళ్లకు రోడ్డు మీద
నేను, రెండు పిల్లులు, నా నెత్తి మీద బల్ల.

రూముల ఎనిమిది మందిమి, మంచాలు నాలుగు.
కింది మంచం పగలు నాది, రాత్రి ఓబులేసుది.
ఆయన కడప దిక్కు. ఏసీల పని.
నేను వచ్చేటాళ్లకు ఆయన బస్సెక్కుతడు,
ఆయన వచ్చేటాళ్లకు నా బూట్లు మెట్లు దిగుతయి.
ఎదురైతే తలకాయ ఊపుడు, అంతే.
ఏడు నెలల్ల నాకు తెల్సిన ఓబులేసంటే
దిండు మీద కొంచెం పల్లం, కొబ్బరినూనె వాసన,
ఇంకా ఆరని తువ్వాల.

బల్లను తలాపున వెట్టిన.
కురచ కాలు కింద లులు కాయితం మడతవెట్టిన,
టమాటలు సగం ధర అన్న ఎర్ర అక్షరాలు బయటికే కనవడ్తయి.
ఇగ దాని మీద ఏం వెట్టాలె?

నాకు తెల్సు. పార్సిళ్లు పట్టుకొని
పన్నెండో అంతస్తు దాక పోతుంట గద.
తలుపు సగం తీస్తరు, సగం ఇల్లు కనవడ్తది.
సోఫా పక్కపొంటి చిన్న బల్ల.
ఎనుక పొడుగుది, దీపం. ముందల పొట్టిది, పింగాణి గిన్నె.
నడుమ లావు పుస్తకాలు రెండు,
మీదిది ఎన్నడు తెరిచినట్టు లేదు.
పది వస్తువులు వట్టే జాగల మూడే,
మిగిలిందంత ఉత్తగనే ఉంటది, దర్జాగ.
నేను చూసుడు చూసి ఒకామె, లెబనాన్ ఆమె, నవ్వింది.
అరచెయ్యి బల్ల మీద ఆనిచ్చి చూపిచ్చింది,
ఇంత జాగ ఇడిచిపెట్టాలె అన్నట్టు.
అన్నది అదేనో కాదో. నాకట్లనే సమజైంది.

మొదలు అలారం గడియారం.
దాని ఎనుక విమ్టో సీస, నీళ్లు వోసి,
లాబీల తెగిపడ్డ మనీప్లాంట్ తీగె.
నా వక్కడబ్బ.
ముందల అరచెయ్యంత జాగ ఇడిచిన.

మర్నాడు పొద్దుగాల చూస్తే
సీసల నీళ్లు మారినయి.
మూలకు ఒక చేతిరుమాలు, నీలం పూలది, పరిచి ఉన్నది,
దాని మీద నా వక్కడబ్బ
పీట మీది పెండ్లికొడుకు లెక్క.
జాగ అట్లనే ఉన్నది.
చాన సేపు నిద్ర రాలె.

అట్ల సురువైంది.
నేను సముద్రం కాడ ఏరిన గవ్వ వెడ్తే
ఆయన ఏసీలకెల్లి తీసిన రాగి గొట్టం ముక్కను
మెరిసేదాక తోమి, వంచి, గవ్వకు ఆసరా చేసిండు.
దీపం లేదని నేననుకుంటనే ఉన్న,
పాత టార్చికి టీ కప్పు టోపి వెట్టిండు.
ఒకసారి కోపమొచ్చింది, పండ్ల బ్రష్షు వెట్టిండు దాని మీద.
తీసి కిటికిల వెట్టిన. మల్లెన్నడు వెట్టలె.
పై మంచం ముత్తెన్న నవ్విండు:
"ఇద్దరు కల్సి మహల్ సదురుతున్నరేందిరా,
అవుతల బొద్దింకలు మన బిర్యాని తింటున్నయి."

రంజాన్ పండుగకు ఇద్దరికి ఒక్కతీర్గ సెలవొచ్చింది.
మంచానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను.
కూసుంటె అనుకున్నంత పొడుగు లేడు. మీసం నెరిసింది.
ఏం మాట్లాడాలె?
"గడియారం రెండు నిమిషాలు ముందు పోతాంది" అన్న.
"నేనే పెట్టినాలేబ్బా, నీకు ఆలీశమైతాదని" అన్నాడు.
ఇగ ఇద్దరం బల్లనే చూస్కుంట కూసున్నం.
ముత్తెన్న రెండు గిలాసల చాయ్ తెచ్చిండు,
ఎక్కడ వెట్టాలెరా అంటుంటెనే
ఇద్దరం ఒక్కసారే చెయ్యి చూపిచ్చినం.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చిన.
చాయ్ మరకలు రెండు చుట్లు ఉండాలె.
ఒకటి తుడిచిండు, ఒకటి ఉంచిండు.
ఉన్నది ఆయనదో, నాదో
ఎరుక గాలె.
బూట్లిప్పి,
రెండు నిమిషాలు ముందే పండుకున్న.